కాందిశీకుల వ్యాధియు దేశహేతువును

భయముచే నిల్లు విడిచి పరువెత్తువానికి సంస్కృతమునఁ గాందిశీకుఁ డని పేరు. అమరసింహుఁడును ఈ శబ్దమును ఈ యర్థముననే గ్రహించెను. "ఏ దిక్కునకుఁ బోదును?" అని తన్నుఁ దా నడిగికొనువాఁడు గావున నా పేరు గలిగినదని వ్యాఖ్యాతలు వ్యుత్పత్తి చెప్పుదురు. 1942 లో బర్మానుండి నడచివచ్చినవారిని గుఱించియు, 1947 తరువాత పంజాబు వంగదేశముల వీడినవారిని గుఱించియు వ్రాయుచు తెలుగువా రీ శబ్దమును విరివిగా వాడిరి. తరువాత శరణార్థిశబ్దము ప్రబలి దీనిని వెనుకకు నెట్టినది. రెండును నొక్కవానినే తెలుపుచున్నను వాని చూపు వేఱు. శరణార్థిశబ్దము శరణ మిచ్చువాని వంకఁ జూచును. కాందిశీకశబ్దము దిక్కు వంకఁ జూచును. ఆ దిక్కును కాందిశీకుఁడు తా నేర్పఱచుకొనక, మఱియొకఁ డేర్పఱచినచో నేమగునన్నది యిచట విచారింపఁబడు విషయము.

ఈ ప్రశ్నకు స్వీడను దేశపు లెక్కల నాధారముగఁ గొని యొక పరిశోధనము 2016 లో వెలువడినది. లాన్సెట్ సంస్థవారు మధుమేహాది వ్యాధులకై ప్రత్యేకముగ నడపుచున్న పత్రికలో నది ప్రకటింపఁబడినది. జస్టిన్ వైట్, రీటా హమద్, క్రిస్టీనా సుండ్‌క్విస్ట్ మొదలగువారు దాని కర్తలు. వైద్యులు దానిని వైద్యముగనే చదివిరి, అది సహజము. కాని యందలి సారము మందులలో లేదు, హేతువిచారములో నున్నది. తర్కమును, చరకమును నెఱిఁగిన పండితులకు ఆ గ్రంథము పరాయిది గాదు. అట్లని "ఇది యంతయు మనవారు ముందే చెప్పిరి" అనువారి వాదమును నిలువఁజాలదు. ఎంతవఱకు చెప్పిరో, ఎచట చెప్పలేదో తేల్చుటయే విమర్శకుని పని.

బీదవాడలయందు వ్యాధులు హెచ్చని చెప్పుట క్రొత్త గాదు. ఏ నగరమునందైనను మరణముల లెక్క వ్రాసినవారందఱును దీనిని గుర్తించిరి. కాని వాడయే వ్యాధికి హేతు వని చెప్పఁబోఁగా తార్కికుఁ డడ్డువచ్చును. మన యన్నంభట్టు తర్కసంగ్రహములోఁ జూపిన యుపాధి యిచటఁ బనిచేయును. నిప్పున్నచోట నెల్లఁ బొగ యుండునని చెప్పరాదు. ఏలయన పచ్చికట్టెల సంయోగ మున్నపుడే నిప్పునుండి పొగ పుట్టును. అట్లే బీదవాడ యున్నచోట వ్యాధి యున్నదన్నచో, ఆ వాడకుఁ జేరువారు ముందే పచ్చికట్టెలవంటివారేమో యను శంక తీఱదు. చదువు లేనివాఁడు, పని దొరకనివాఁడు, తల్లిదండ్రులనుండి వ్యాధిబీజము పొందినవాఁడు తక్కువ యద్దెకు నిల్లు వెదకుకొని యచటికే పోవును. అంతకంటె దుర్ఘటమైన శంక మఱియొకటి కలదు. వ్యాధిచేఁ బని పోఁగొట్టుకొన్నవాఁడే బీదవాడఁ జేరవచ్చును. అపుడు కార్యమే కారణముగఁ గనఁబడును. విశ్వనాథపంచాననుఁడు ముక్తావళిలోఁ జూపిన కుమ్మరివాని గాడిదవలె, వాడ యన్యథాసిద్ధమై నిలుచును. కుండ పుట్టునప్పు డచటనే యున్నది గాని కుండకు హేతువు గాదు.

ఈ శంకను దీర్చుటకు వాక్యవిచారము చాలదు. మనుష్యుల కోరికతో సంబంధము లేక వారిని వాడలకుఁ బంచివేసిన యొక సందర్భము కావలెను. ఎవ్వఁడును తన యిష్టము విడిచి యిట్టి పరీక్షకు లోఁబడఁడు. లోఁబడువాఁ డొక్కఁడే: ఏ దిక్కునకుఁ బోదునని యడుగువాఁడు.

స్వీడను ప్రభుత్వమువారు 1985 మొదలు 1994 వఱకు కాందిశీకులను దేశమంతటఁ బంచు పద్ధతి నవలంబించిరి. అంతకుఁ బూర్వము వచ్చినవారు స్టాకుహోము, గోతెబర్గు, మాల్మో నగరములయందే గుమిగూడుచుండిరి. ఆ భారము కొన్ని మండలముల మీఁదనే పడరాదని వలసకార్యాలయమువారు సంకల్పించిరి. మొదట సుమా రఱువది మండలములతోఁ బ్రారంభింపఁదలఁచిరి గాని, వచ్చువారి సంఖ్య మిక్కిలి హెచ్చుటచే 1989 నాఁటికి 284 మండలములలో 277 దీనియందుఁ జేరినవి. కార్యాలయమువారును కాందిశీకులును ముఖాముఖిగఁ గలియు నాచారము లేదు. భాష, చదువు, కుటుంబములోని వారి సంఖ్య యను కాగితపు వివరములను జూచి యధికారులు నిర్ణయించుచుండిరి. ఆ దినములలో దేశము కలిమితోఁ దులతూఁగుచుండుటచే గృహములు దొరకుట దుర్లభము. ఖాళీగా నున్న యిల్లే కాందిశీకునకు విధివ్రాఁత యైనది. ఇరాను, ఇరాకు, లెబనాను, చిలీ మొదలగు దేశములనుండి వచ్చినవా రీవిధముగ, తా మెన్నఁడును పేరు వినని యూళ్లకుఁ బంపఁబడిరి. అచట నిలువవలెనను నిర్బంధము మాత్రము లేదు. మఱియొకచోట నిల్లు సంపాదించుకొన్నవాఁడు పోవచ్చును. పోయినచో స్వీడిషు భాష నేర్పు తరగతులలోఁ జేరుట యాలస్య మగుచుండెడిది.

పరిశోధకులు 1987 మొదలు 1991 వఱకు వచ్చినవారిలో, వచ్చునాఁటికి ఇరువదియైదేండ్లకును ఏఁబదియేండ్లకును నడుమ వయస్సుగల 61,386 మందిని గ్రహించిరి. వారు మొదటఁ బంపఁబడిన వాడలను మూఁడు తరగతులుగ విభజించిరి: మిక్కిలి లేమిగలవి, మధ్యమములు, లేమి తక్కువగలవి. పిమ్మట 2002 మొదలు 2010 వఱకు వారిలో నెవ్వరికిఁ గ్రొత్తగ మధుమేహము గనఁబడినదో దేశపు వైద్యపట్టికలనుండి తీసిరి. అనఁగా వ్యాధిని లెక్కించుట మొదలుపెట్టునప్పటికి వారు వచ్చి పదునొకండేండ్లైనను గడచినవి. ముగించునప్పటికి కొందఱికి ఇరువదిమూఁడేండ్లు నిండినవి. యౌవనమున వచ్చినవారు నడివయస్సును, నడివయస్సున వచ్చినవారు వార్ధకమును బొందిరి. లేమి తక్కువగల వాడలకుఁ బంపఁబడినవారిలో నూటికి 5.8 మందికిని, మధ్యమములకుఁ బోయినవారిలో 7.2 మందికిని, మిక్కిలి లేమిగల వాడలకుఁ బోయినవారిలో 7.9 మందికిని ఆ వ్యాధి కనఁబడినది.

ఈ మూఁడు సంఖ్యలే పలుచోట్లఁ బేర్కొనఁబడుచున్నవి. విమర్శకుఁ డిచటనే నిలువవలెను. మొదటి సంఖ్యతో మూఁడవదానిఁ బోల్చినచో భేదము మూఁడింట నొకవంతుకంటె నెక్కువ. కాని పరిశోధకులు వయస్సు, స్త్రీపుంభేదము, చదువు, కుటుంబస్థితి మొదలగువానిని సమముచేసి మఱల గణింపఁగా, మిక్కిలి లేమిగల వాడలకుఁ బోయినవారికి రోగసంభవపు పాళ్లు 1.22 రెట్లుగను, మధ్యమములకుఁ బోయినవారికి 1.15 రెట్లుగను దేలినవి. మొదటఁ గనఁబడిన భేదములో గణనీయమైన భాగ మీగణనమున జాఱిపోయినది. దీని యర్థ మేమి? అధికారులు పంచినది లాటరీ చీట్లవలెఁ గాదు. చదువును, కుటుంబమును జూచియే పంచిరి. కావున పచ్చికట్టెలు కొంతవఱకు ముందే వేఱుపడినవి. ఉపాధి పూర్తిగఁ బోలేదు. కొలువఁదగినదై యెదుట నిలిచినది. ఇచటనే యీ పద్ధతి యొక్క బలము గలదు. అధికారి చూచినది కాగితము; ఆ కాగితములోని వ్రాఁతలనే పరిశోధకుఁడును జూడఁగలఁడు. తన యిల్లు తా నెన్నుకొనువాని మనస్సులోని కారణములను ఏ పట్టికయుఁ జూపలేదు. వానికి నిల్లు చూపిన యధికారి కారణములు చాలవఱకు పట్టికలోనే యున్నవి.

మఱియొక యాక్షేప మిట్లుండవచ్చును: కాందిశీకులు కొందఱు కొంతకాలమునకు వేఱుచోటికిఁ బోయిరి గదా, అట్టివారిని మొదటి వాడ పేరనే లెక్కించుట యెట్లు న్యాయము? ఈ యాక్షేపము వినుటకు బలముగ నున్నను విచారింపఁగాఁ గ్రంథకర్తలకే సాయపడును. పోవుట వారి యిష్టము. ఇష్టమును లెక్కలోనికిఁ దెచ్చినచోఁ దొలఁగించిన యుపాధి మఱల వచ్చును. మొదటి వాడనే పట్టుకొనుటచే హేతుత్వము శుద్ధముగ నిలుచును. సంఖ్య మాత్రము తగ్గును. చెడ్డవాడనుండి మంచివాడకుఁ బోయినవాని యారోగ్యము చెడ్డవాడ లెక్కలోనే పడుటచే భేదము చిన్నదగును. కాఁబట్టి 1.22 అను సంఖ్యను వాడ చేసిన కీడునకుఁ బైహద్దుగఁ దలఁపరాదు. ఇదిగాక, అయిదేండ్ల కాలము లేమిగల వాడలో నధికముగ నున్నవారికి రోగసంభవము నూటికిఁ దొమ్మిది పాళ్లు హెచ్చునని వారు గణించిరి. కీడు కాలముతో నంచెలంచెలుగఁ బెరుగుచున్నది.

ఇఁక శాస్త్రవిచారము. నైయాయికులు కారణమునకుఁ జెప్పు లక్షణములో నియతపూర్వవృత్తిత్వ మొకటి. కార్యమునకు ముందు తప్పక యుండవలెను. లేమి తక్కువగల వాడలలోను నూటికి 5.8 మందికి మధుమేహము వచ్చినది. లేమిగల వాడలలో నూటికిఁ దొంబదిమందికిఁ బైగా రాలేదు. అన్వయమునను వ్యతిరేకమునను వ్యభిచారమే కనఁబడుచున్నది. తర్కమాత్రమునఁ జూచినచో వాడ కారణమే గాదు. పాశ్చాత్యులు కారణశబ్దమును హెచ్చుతగ్గుల యర్థమున వాడుచున్నారు. వారి శబ్దమును మన శబ్దముతో నొకటిగఁ జేయుట పొరపాటు. కొందఱు భాషాంతరీకరణములలో నీ పొరపాటు తఱచుగఁ జేయుచున్నారు.

వైద్యశాస్త్రము మాత్రము ఈ చిక్కును ముందే గమనించినది. చరకసంహిత నిదానస్థానములోఁ బ్రమేహనిదానము చెప్పు నధ్యాయముననే యీ విచారము మొదలగుచున్నది. నిదానము, దోషము, దూష్యము అను మూఁడును ఒండొంటితోఁ గలియు విశేషములనుబట్టి వ్యాధి పుట్టుటయో పుట్టకుండుటయో సంభవించునని యచటఁ జెప్పఁబడినది. అవి యొండొంటి ననుసరింపనిచో వ్యాధి పుట్టకపోవచ్చును, చిరకాలమునకుఁ బుట్టవచ్చును, స్వల్పముగఁ బుట్టవచ్చును, లక్షణము లన్నియు లేకయుఁ బుట్టవచ్చును. ఈ మాట జ్వరనిదానమునఁ గాక ప్రమేహనిదానమున నేల చెప్పఁబడినదని వెదకిన పండితులు తక్కువ. జ్వరమునకు హేతువును కార్యమును దగ్గఱగ నుండును. ప్రమేహమునకు నడుమ నేండ్లు గడచును. హేతువు మఱపునఁ బడును. చిరకాలమునకుఁ బుట్టు వ్యాధియందే హేతువ్యభిచార మెక్కువగఁ గనఁబడును గావున, నా విచారమున కచటనే స్థానము దొరకినదని యూహింపవచ్చును. స్వీడనులో 1988 లో నిల్లు చూపఁబడినవానికి 2008 లో వ్యాధి కనఁబడుట యీ చిరశబ్దమునకు మంచి యుదాహరణము.

దేశహేతువు ప్రత్యేకముగ విచారింపఁబడినది విమానస్థానములోని జనపదోద్ధ్వంసనీయాధ్యాయమున. పాంచాలరాజధాని యగు కాంపిల్యమునొద్ద, గంగాతీరమున, గ్రీష్మాంతమున శిష్యులతో వనమున సంచరించుచు పునర్వసు వాత్రేయుఁడు, భూమి సారము గోలుపోకమునుపే యోషధులను సేకరింపుఁడని శిష్యులను హెచ్చరించెను. అపు డగ్నివేశుఁ డడిగిన ప్రశ్న సాధారణమైనది గాదు. ప్రకృతి, ఆహారము, దేహబలము, సాత్మ్యము, మనస్సు, వయస్సు వేఱువేఱుగఁ గల జనులు ఒక్క వ్యాధిచే నొక్కమాఱుగ నెట్లు నశింతురు? మనుష్యులయందు వేఱైనవి యెన్ని యున్నను వాయువు, ఉదకము, దేశము, కాలము అను నాలుగును అందఱికి సమానములే యని గురు వుత్తరము చెప్పెను.

ఈ యధ్యాయమును స్వీడను విచారమునకుఁ దెచ్చునపుడు జాగరూకత వలయును. అచటఁ జెప్పఁబడినది యేకకాలమున జనపదమును ఊడ్చివేయు మహామారి. మధుమేహ మట్టిది గాదు. అది యొక్కొక్కని నొక్కొక్క యేఁట నంటును. కావున నధ్యాయమును యథాతథముగ నన్వయించుట గ్రంథమునకు నపచారమే. గ్రహింపఁదగినది ప్రశ్న యొక్క రూపము: వ్యక్తులలోని భేదములను దాఁటి వారికి సమానమైనదానిని వెదకుట. అగ్నివేశుని ప్రశ్నయు, వైట్ ప్రభృతుల ప్రశ్నయు నీయంశమున నొక్కటియే.

అయినచో స్వీడనువారి దేశ మెట్టిది? ఇచటఁ జదువరులు సాధారణముగఁ బొరపడుదురు. లేమిగల వాడ యనఁగా గుడిసెలు, మురుగు, దోమలు స్ఫురించును. స్వీడనులో నట్లు గాదు. 1965 మొదలు 1974 వఱకు ఆ ప్రభుత్వమువారు దాదాపు పదిలక్షల గృహములు కట్టించిరి. మాల్మోలోని రోసెన్‌గార్డు, స్టాకుహోములోని రింకెబీ యిట్లు పుట్టినవే. అంతస్తులమీఁద నంతస్తులు, శీతకాలమునకు వేడిమి, ప్రతి యింట కుళాయినీరు, నేలపై గడ్డి. స్వీడను కుటుంబములు కలిమి కలిగినకొలఁది వానిని విడిచిపోఁగా కాందిశీకులు వచ్చి నిండిరి. చరకుఁడు దుష్టదేశమునకుఁ జెప్పిన లక్షణములలో వర్ణగంధరసముల వికారము గాని, పాములు దోమలు మూషికముల బాధ గాని యచట లేదు. పరిశోధకులు లేమిని గొలిచినది మట్టినిబట్టి గాదు, నీటినిబట్టి గాదు. నాలుగు మానవలక్షణములనుబట్టి: చదువు తక్కువవారెందఱు, రాఁబడి తక్కువవారెందఱు, పని లేనివారెందఱు, ప్రభుత్వపు సాయముతో జీవించువారెందఱు. దేశమును గొలుచుచున్నా మని వారు పొరుగువారిని గొలిచిరి. ఇది దోషమా?

దోష మనియే తోఁచును. కాని యా యధ్యాయములోని దుష్టదేశలక్షణములను జివరవఱకుఁ జదివినచో నొక విశేషము గనఁబడును. సరీసృపములతోను, ఎండిన సస్యములతోను, మొఱలిడు కుక్కలతోను పాటు, ధర్మము సత్యము లజ్జ ఆచారము శీలము విడిచిన జనులును దేశలక్షణముగనే చెప్పఁబడిరి. అనఁగా చరకునకు దేశ మనఁగా నేల మాత్రము గాదు. అందున్న జనుల నడవడియు దేశములోనిదే. వనమనఁగాఁ జెట్ల సమూహమే యైనట్లు, వాడ యనఁగా వాడలోనివారే. పొరుగువారిని గొలిచి దేశమును గొలిచితి మనుట యసంగతము గాదని యొప్పుకొనవలసియున్నది.

ఇంతవఱకే. దీనిని మించి సామ్యము లాగుట యపాయకరము. చరకుఁడు చెప్పినది ధర్మలోపము. స్వీడను పట్టికలలోఁ గలది లేమి. పని దొరకనివాఁడు శీలహీనుఁ డని పట్టికలు చెప్పలేదు. అట్లు చదువువాఁడు రెండు గ్రంథములకును నన్యాయము చేయును. పైగా 1990 తరువాత స్వీడనుకు గొప్ప యార్థికసంక్షోభము వచ్చి, నూటి కిరువురుగా నున్న నిరుద్యోగులు కొలఁది యేండ్లలో నెనమండ్రు దాఁటిరి. క్రొత్తగ వచ్చి భాష నేర్చుకొనుచున్నవాఁడే యందు మొదట దెబ్బ తినెను. వాడ యనెడు నొక్క పేరు క్రింద పనిలేమి, భయము, అంగడిలో దొరకు తిండి, నడచుట కనుకూలమగు దారి, వైద్యుని సామీప్యము మొదలగువన్నియుఁ గలసియున్నవి. వీనిలో నే దెంత కీడు చేసినదో యా పరిశోధనము తేల్చలేదు. దాని ప్రధానన్యూనత యిదియే. హేతువు కలదని స్థాపించినది గాని హేతువునకుఁ బేరు పెట్టలేదు.

డెన్మార్కులో 1986 మొదలు 1998 వఱకు నిట్టి పంపిణీయే జరిగినది. అచటి కాందిశీకులను గుఱించి రీటా హమద్ ప్రభృతులు 2020 లోఁ బ్రకటించిన వ్యాసమున, లేమిగల వాడలకుఁ బంపఁబడినవారికి మధుమేహముతోఁ బాటు రక్తపుపోటు, రక్తమునఁ గ్రొవ్వు హెచ్చుట, గుండెపోటును అధికములని తేలినది. ఒక్క దేశపు విశేషము గాదని దీనిచే నెఱుఁగవచ్చును. అమెరికాలో 1994 మొదలు 1998 వఱకు జరిగిన పరీక్షలోనివారు కాందిశీకులు గారు, బీదవాడలలోని తల్లులు. కొందఱికిఁ జీట్లు వేసి మంచివాడకుఁ బోవు నవకాశ మొసఁగిరి. పది పదునైదేండ్లకు వారిలో నతిస్థౌల్యమును మధుమేహమును దక్కినవారికంటెఁ దక్కువగఁ గనఁబడినవి. స్వీడను అన్వయదృష్టాంతమైనచో నిది వ్యతిరేకమునకు దగ్గఱగ నిలుచును.

దృష్టాంతము దొరకనిచోటును గలదు. తెలుగుదేశపు సరిహద్దుననే యున్న మల్కనగిరి ప్రాంతమునకు, దండకారణ్యప్రణాళిక పేర 1958 తరువాత, తూర్పువంగదేశపు కాందిశీకులను గొనివచ్చి యడవి నఱికించి గ్రామములుగ నిలిపిరి. చాల గ్రామములకు నేఁటికిని సంఖ్యలే పేరులు. అచటను దిక్కు చూపినది ప్రభుత్వమే. కాని యందఱిని నొక్కవిధమైన నేలకే పంపుటచే మంచివాడ, చెడ్డవాడ యను పోలికయే లేకపోయినది. విపక్షము లేనిచో నే హేతువును నిలువదు. 1978 లో వారిలో వేలకొలఁది జనులు ఆ నేలను విడిచి సుందరవనములలోని మరిచ్‌ఝాపికిఁ బోయిరి. వా రిచ్చిన తీర్పు కాళ్లతో నిచ్చినది. పట్టికలలోని కెక్కునది గాదు.

చరకునియందు మఱియొక వాక్యార్థ మీసందర్భమున నవశ్యము స్మరింపఁదగినది. వాయువుకంటె నుదకము, ఉదకముకంటె దేశము, దేశముకంటెఁ గాలము గురుతరమని చెప్పి, అందులకుఁ గారణముగఁ దప్పించుకొనుట యొకదానికంటె నొకటి కష్టమగుటను జూపెను. గురుత్వమునకుఁ గొలమానము కీడు యొక్క తీవ్రత గాదు, దుష్పరిహార్యత్వము. కలవానికి దేశము పరిహార్యమే, ఇల్లు మార్చును. ఆ యధ్యాయమే చికిత్సగ శుభమైన జనపదముల నాశ్రయింపు మని చెప్పినది. కాందిశీకుఁ డా చికిత్సను ముందే చేసికొన్నవాఁడు. ఇరానులోని చెఱసాలకంటె స్వీడను శుభమైన జనపదమే. ఆ జనపదములోపల నే వాడయో యనునది మాత్రము వాని చేతిలో లేదు. దేశమును మార్చఁగలిగినవాఁడు వాడను మార్చలేకపోయెను.

ప్రమేహమునకు సుఖాసనము, అతినిద్ర, దధి, క్షీరము, క్రొత్త ధాన్యము, బెల్లపు వికారములు హేతువులని చరకమునఁ బఠింపఁబడుచున్నవి; రోగి తన ప్రజ్ఞాపరాధముచేఁ దెచ్చుకొన్న వ్యాధి యని లోకమును అట్లే యెంచుచున్నది. వైద్యుఁడు రోగిని మందలించి పంపును. ఒకే విధమైన జనులను ఒక యధికారి రెండు వాడలకుఁ బంచఁగా, పనిలేమి హెచ్చుగ నున్న వాడలోనివారి మూత్రమున మాధుర్యము హెచ్చినచో, ఆ యధికమైన భాగమునకు రోగి ప్రజ్ఞాపరాధ మెట్లు హేతు వగును? తిండి యందఱును దినిరి. జనపదోద్ధ్వంసమునకు మూలము విచారించుచు నాత్రేయుఁడు, దేశమునకును నగరమునకును జనపదమునకును బ్రధానులైనవారు ధర్మము నతిక్రమించి ప్రజలను నడుపుటను మొదటఁ జెప్పెను; వారి నాశ్రయించినవారి యధర్మము తరువాతిది. వ్యాఖ్యాన మెంతగఁ జదివినవారును ఈ పూర్వాపరక్రమమును దాఁటిపోవుటయే చూడఁబడుచున్నది. స్వీడను అధికారు లధర్మము చేసిరని చెప్పరాదు; వారు నిలువ నీడలేనివారికి నిల్లు చూపిరి. ఐనను ఆ యింటి చిరునామా యిరువదియేండ్లకు వ్యాధిపట్టికలోఁ జదువఁబడినది.

సుశ్రుతుని చికిత్సాస్థానములోఁ బ్రమేహరోగికిఁ జెప్పిన విధి యొకటి యీ విషయమునకుఁ జిత్రముగఁ దగిలియున్నది. ధనమును బంధువులును లేనివాఁడు పాదరక్షలు గొడుగు లేక, భిక్షాన్నము దినుచు, గ్రామమున కొక్క రాత్రి మాత్రమే నిలిచి, నూఱు యోజనములో నంతకంటె నెక్కువయో నడువవలెనట. ధనము, బంధువులు, గొడుగు లేక నడచుట యనునవి కాందిశీకుని వర్ణనమే. వ్యాధి రాకమునుపే వాఁ డా మందును మ్రింగెను. అది వానిని గాపాడకపోవుటకుఁ గారణము విధిలోని "ఒక్క రాత్రి" యను భాగమున వెదకవలెనేమో; ఏలయన కీడు జరిగినది నిలిచిన యేండ్లలో.

ఆ పంపిణీపద్ధతి 1994 లో ముగిసినది. అప్పటినుండి కాందిశీకుఁడు తన యిల్లు తానే వెదకుకొను హక్కును బొందెను. పలువురు తమవా రున్న వాడలకే పోయిరి. 2016 వ సంవత్సరము మార్చి 1 వ తేదీనుండి, అనఁగా వైట్ ప్రభృతుల వ్యాసము వెలువడిన యేఁటనే, తనకుఁ గేటాయింపఁబడిన కాందిశీకులను ప్రతి మండలమును స్వీకరింపవలెనను శాసన మచట నమలులోనికి వచ్చినది. ఏ మండలమున కెందఱో యా శాసనమునుబట్టి నిర్ణయింపఁబడును. మండలములో నే వాడ యన్నది మండలమువారికి విడువఁబడినది.